గేటు ఎలా ఉంటే అలాగే

డ్రమ్ కారులో కక్కేసింది. అదీ పరిచిన దుప్పటి మీద కాదు. దుప్పటిని కాళ్ళతో పక్కకి నెట్టి, శుభ్రంగా ఉన్న సీటు చూసుకుని మరీ కక్కింది.

"నీ మొహం మండా! ఇంకొక్క మలుపు ఆగలేకపోయావా?" అంది గ్లెనిస్, కారు దిగి వెనక తలుపు తీస్తూ.

డ్రమ్ ఆమె చెయ్యి నాకి, తనకేమీ సంబంధం లేనట్టు కొండ వైపు చూసింది. నల్లటి ఒళ్ళు, గోధుమరంగు కాళ్ళు, దూడంత కుక్క. మొరిగి గొర్రెల్ని తోలే జాతి. గ్లెనిస్‌ది కాదు, ఆమె అన్న మెర్విన్‌ది. మెర్విన్‌కి తుంటి కీలు మార్చి నెల కూడా కాలేదు, కర్ర లేకుండా పెరడు దాటలేడు. కుక్కని గొలుసుకి కట్టేస్తే పగలంతా ఒకటే ఏడుపు. "గురువారం మీ వాళ్ళు కెటిల్ సరస్సుకి పోతున్నారుగా, దీన్నీ కాస్త తిప్పుకురావే," అని అన్న అడిగితే ఆమె కాదనలేకపోయింది. ఎవరు ఏమడిగినా కాదనలేకపోవడం, తర్వాత దారిపొడుగునా సణుక్కోవడం గ్లెనిస్‌కి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే.

గురువారం నడక బృందంలో ఆ రోజు నలుగురే తేలారు. పోస్టాఫీసు అక్కచెల్లెళ్ళిద్దరూ, గ్లెనిస్, వీళ్ళందరికీ నాయకుడిగా ఫెర్గస్ మాస్టారు. బడిలో భూగోళం చెప్పి రిటైరయినా మాస్టారికి మెడలో ఈల మాత్రం రిటైరవలేదు.

"కుక్క వస్తుందని ముందు చెప్పలేదే," అన్నాడు ఆయన, రెండు చేతికర్రల పొడుగూ సరిచేసుకుంటూ.

"దానికే తెలీదు మాస్టారూ, కారెక్కాక తెలిసింది."

"తాడు వదలొద్దు. ఇది గొర్రెల ఫారం వాళ్ళ నేల. పదేళ్ళు కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్న దారి."

కొండ మొదట్లో మొదటి గేటు మీద పాత బోర్డు ఉంది. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి అని. మాస్టారు దాని ముందు నిలబడి అందరికీ పైకి చదివి వినిపించాడు. ఆ మాట ఈ కొండల్లో పిల్లలకి పాలతో పాటే పట్టిస్తారు. గ్లెనిస్ నడిపే స్కూలు బస్సు ఎక్కే పిల్లలకైతే ఆమే పట్టిస్తుంది. వాళ్ళ అమ్మానాన్నలకి కూడా. ఎవడి కారు ఎవడి గేటు దాటినా ఆమె అద్దంలోంచి చూస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

నడి వేసవి. వారాల తరబడి చినుకు లేదు. వాలు మీద గడ్డి దుబ్బులు ఎండి కాలిన రొట్టె రంగుకి వచ్చాయి. కింద వాగులో నీళ్ళు లేవు, రాళ్ళే ఉన్నాయి. ఆ ఎండలో డ్రమ్ ఆమెని ఒక్క అడుగు సవ్యంగా వేయనివ్వలేదు. ఒకసారి తాడు తెగేలా ముందుకి లాగుతుంది. ఇంకోసారి ముళ్ళపొదలోకి దూరి కదలదు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, వాలు మీద అక్కడక్కడా మేస్తున్న గొర్రెల్ని చూస్తూ రాయిలా నిలబడిపోతుంది. మిగతా ముగ్గురూ మలుపు తిరిగి కనబడకుండా పోయారు. పైనుంచి మాస్టారి ఈల వినబడింది. కాసేపటికి మళ్ళీ.

"ఈల వేస్తే పరిగెత్తడానికి నేనేమైనా ఈయన బడిలో పిల్లనా!" అని గొణుక్కుంది గ్లెనిస్.

సరస్సు ఉన్న గుంటలోకి పోయే చివరి గేటు దగ్గరికి చేరేసరికి, అది బార్లా తీసి ఉంది. గొలుసు గడ్డిలో వేలాడుతోంది.

గ్లెనిస్‌కి తిక్క నషాళానికంటింది. ముందు ముగ్గురు వెళ్ళారు. ముగ్గురిలో ఒక్కరికి వెనక్కి తిరిగి గేటు వేయాలన్న ఇంగితం లేదా? అవునులే, వెనక గ్లెనిస్ వస్తోందిగా, ఊడిగం చెయ్యడానికి గ్లెనిస్ ఉందిగా! పొద్దున్న బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషికి కూడా లేదంటే ఇక ఎవరిని అనాలి?

దానికి తోడు డ్రమ్ సరిగ్గా గేటు మధ్యలో కూలబడింది. చెవులు నిక్కించి వాలు వైపు చూస్తోంది. లాగితే రాదు.

"లేవరా బాబూ, నీకు దణ్ణం పెడతా. లే!"

మెడపట్టీ పట్టుకుని దాన్ని సరస్సు వైపుకి ఈడ్చింది. గేటు నెట్టి, గొలుసు మేకుకి తగిలించి, లాగి చూసింది. తృప్తి లేక మళ్ళీ లాగి చూసింది. గేటు విషయంలో తనని వేలెత్తి చూపగల మొనగాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదని గ్లెనిస్ నమ్మకం.

సరస్సు దగ్గర అందరూ కూర్చున్నాక గేటు సంగతి ఎత్తి, మాస్టారిని నలుగురిలో కడిగేద్దామని మాటలు కూడా కూర్చుకుంది. కానీ ఆ అవకాశం రానిస్తేనా! ఫ్లాస్కు మూత తీసిందో లేదో, డ్రమ్ మొదలెట్టింది. సరస్సు వైపు కాదు, వచ్చిన దారి వైపు, కంచె వైపు తిరిగి మొరుగుడు. మామూలు మొరుగుడా అది! గుండెల్లోంచి వచ్చే గొంతు, అవతలి కొండకి తగిలి తిరిగొచ్చి మళ్ళీ చెవుల్లో పడుతుంది.

"మనం నిశ్శబ్దం కోసం కదమ్మా ఇంత దూరం ఎక్కింది," అన్నాడు మాస్టారు.

పోస్టాఫీసు అక్క చీజు బన్ను విసిరింది. డ్రమ్ మింగి, మళ్ళీ మొరిగింది. గ్లెనిస్ కసిరింది, బతిమాలింది, మూతి పట్టుకుంది. చివరికి దూరంగా తీసుకుపోయి ఒక రాతికి కట్టేసి, సిగ్గుతో తల తిరిగిపోతుంటే టోపీ మొహం మీద వేసుకుని పడుకుంది. ఇంకా ఎవరిని కడుగుతుంది? తను తెచ్చిన కుక్కే నలుగురి ముందూ తన పరువు తీసి పారేసింది. అలా పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది.

లేచేసరికి రాతి దగ్గర తాడు ఉంది, కుక్క లేదు. పేరు పెట్టి పిలవబోతుండగానే రెల్లు చాటు నుంచి వచ్చింది డ్రమ్, పొట్ట దాకా తడిసి, తోక ఊపుకుంటూ. అందరూ కునుకు తీస్తున్నారు, ఎవరూ చూడలేదు. ఆమె గబగబా తాడు తగిలించింది. ఎదుటి ఒడ్డున నాలుగైదు గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయి. ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో అనుకుని ఊరుకుంది.

దిగేటప్పుడు డ్రమ్‌తో ముందు ఆమే నడిచింది, మళ్ళీ ఈల వినకూడదని పంతం పట్టి. గేటు తీస్తుంటే కాలు జర్రున జారింది. పచ్చి పెంటికలు, గేటు ముందంతా పరిచినట్టు. "పొద్దున్న ఇదేమీ లేదే," అని తిట్టుకుంటూ బూటు గడ్డికి రాసి, వెనక్కి తిరిగి అరిచింది.

"మాస్టారూ! చివర వచ్చేది మీరే. గేటు చూసుకోండి!"

మాస్టారు చేతికర్ర పైకెత్తాడు. "గేటు గురించి నాకు నువ్వు చెప్పాలటమ్మా!"

మర్నాడు బస్సు షెడ్డులో పెట్టి, మెర్విన్‌కి పాలూ రొట్టే ఇద్దామని వెళ్ళేసరికి ఫారం మేనేజరు తామటి అక్కడున్నాడు. వంటగది బల్ల ముందు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని. తామటి ఎప్పుడొచ్చినా వరండాలోనే నిలబడి నవ్వుతూ మాట్లాడి పోయే మనిషి. అతను కూర్చున్నాడంటేనే ఏదో ఉందని ఆమెకి తోచింది.

"రా ఆంటీ," అన్నాడు తామటి. మెర్విన్ వైపు చూశాడు.

మెర్విన్ కిటికీలోంచి కుక్కగూడు వైపు చూస్తున్నాడు. "సరస్సు గేటు కంచె చివర రాతి అంచు ఉంది చూడు, దాని కింద లోయలో ఏడు గొర్రెలు పడి చచ్చాయిట. అన్నీ తల్లిగొర్రెలు. నిన్న."

"అయ్యయ్యో! ఎలా?"

తామటి కూడా కుక్కగూడు వైపు చూశాడు. అప్పుడు అర్థమయింది ఆమెకి.

"నేను కింద రోడ్డు మీద ఉన్నాను ఆంటీ," అన్నాడు తామటి మెల్లగా. "మధ్యాహ్నం డ్రమ్ గొంతు వినబడింది. ఆ గొంతు ఎవరు పోల్చలేరు? ఇన్నేళ్ళు మా మందలు తోలిన గొంతు. పొద్దున పోయి చూస్తే ఇదీ సంగతి. కుక్క తరమకపోతే గొర్రెలు ఆ అంచు మీదికి పోవు. నాకు చెప్పాలనే లేదు. చెప్పకపోతే ఎలా?"

"అది నా పక్కనే ఉంది! రాతికి కట్టేసి ఉంది!"

"మొత్తం సేపూనా?" అన్నాడు మెర్విన్.

అన్న అడిగిన తీరు అది. చిన్నప్పుడు పాలడబ్బా ఎవరు తన్నారని అడిగిన తీరే. గ్లెనిస్ నోరు ఎన్ని వందలమందితోనైనా అబద్ధం ఆడగలదేమోగానీ ఆ ఒక్క మనిషి దగ్గర ఆడలేదు.

"కాసేపు కన్నంటింది," అంది. "లేచేసరికి తాడు జార్చుకుని... ఎంతోసేపు కాదు అన్నయ్యా. నీళ్ళలో ఆడుకుని వచ్చింది. పొట్టంతా తడి."

మెర్విన్ తలాడించాడు. బల్ల అంచు పట్టుకుని, నెప్పికి పళ్ళు కొరుక్కుంటూ లేచాడు. "ఆదివారం మధ్యాహ్నం," అన్నాడు.

"ఏంటి ఆదివారం?"

"ఏంటో నీకు తెలుసు."

తెలుసు. గొర్రెని ముట్టిన కుక్కకి ఈ కొండల్లో రెండో అవకాశం లేదు. దాన్ని ఇంకొకరి చేతికి వదలరు కూడా. ఎవడి కుక్కని వాడే కాల్చుకోవాలి. వాళ్ళ నాన్న అలాగే చేశాడు, ఆయన నాన్నా అలాగే చేశాడు.

"నేనైతే అడగడంలేదు అంకుల్," అన్నాడు తామటి.

"నువ్వు అడిగేదేముందిరా ఇందులో. ఇది అడిగి చేయించేది కాదు."

"నీకు మతి పోయిందా?" గ్లెనిస్ అరిచింది. "ఎవరూ కళ్ళతో చూడలేదు. పదకొండేళ్ళు నీ కాళ్ళ దగ్గర పడుకున్న కుక్క. ఒక్క మాట దాని తరఫున అనవేం? నీకు మందుల కంటే మొండితనం ఎక్కువ ఎక్కించారా ఆ ఆసుపత్రిలో?"

"పనిలేక గొలుసున పడున్న కుక్క చెడిపోతుంది. తప్పు దానిది కాదు, నాది," అన్నాడు మెర్విన్. తర్వాత, మామూలుగా కూరగాయలు చెప్పినట్టు, "రేపు మాంసం కొట్టుకి పోతే దానికో మంచి కాలి ఎముక తీసుకురా. మూలుగ ఉన్నది," అన్నాడు.

ఆమె పాలూ రొట్టే బల్ల మీద దబ్బున పడేసి బయటికి వచ్చేసింది. గూడు దగ్గర డ్రమ్ గొలుసు చివరిదాకా ఉరికి వచ్చి, మళ్ళీ కొండకి పోదామా అన్నట్టు గెంతింది. "నీ వల్లే, దరిద్రుడా! అంతా నీ నోటి వల్లే!" అని తిట్టి, కారులో కూర్చుని ఏడ్చింది.

శనివారం ఆమె మాంసం కొట్టుకి పోలేదు. నేరుగా ఫెర్గస్ మాస్టారింటికి పోయింది. ఆయన వరండాలో జామ్ కోసం ఆప్రికాట్లు కోస్తున్నాడు. పండు చీల్చడం, గింజ ఒక గిన్నెలో, ముక్కలు ఒక గిన్నెలో. చేతులు మోచేతుల దాకా జిగురు, చుట్టూ కందిరీగలు.

గ్లెనిస్ సంగతంతా చెప్పింది. "మీరొచ్చి తామటితో ఒక్క మాట చెప్పండి మాస్టారూ. కుక్క గొర్రెల జోలికి పోలేదని."

"నేను చూడలేదే. చూడనిది ఎలా చెప్తాను?"

"పోయిందని మాత్రం చూశారా?"

"అదీ చూడలేదు." ఒక పండు చీల్చాడు. "నేను ముందే అన్నాను, తాడు వదలొద్దని. ఇప్పుడు చూడు. ఫారం వాళ్ళు దారి మూసేస్తే నష్టం ఎవరికి? అందరికీ. ఒక్కరి అజాగ్రత్త వల్ల."

ఆ మాటతో గ్లెనిస్ రెండు రోజులుగా బిగబట్టినది బద్దలయింది.

"అజాగ్రత్త గురించి మీరు మాట్లాడకండి! పొద్దున్న పైగేటు బార్లా తీసి పోయిందెవరు? మీరు కాదూ? ముందు నడిచింది మీరు. వెనకొచ్చి వేసింది నేను. గొలుసు పెట్టి రెండుసార్లు లాగి చూసి మరీ వేశాను. బోర్డు చదివి పాఠాలు చెప్పడం కాదు మాస్టారూ!"

మాస్టారి మొహం ఎర్రబడింది. "నేను గేటు తీశానా? నేనా? అది తీసే ఉంది! నేను వెళ్ళేసరికే తీసి ఉంది, అలాగే వదిలాను. ఎలా ఉంటే అలాగే. వచ్చేటప్పుడు కూడా గుర్తు పెట్టుకుని, నువ్వు చూసుకోమని అరిచినట్టే, తీసే ఉంచాను. ఎందుకంటే పొద్దున తీసి ఉంది కాబట్టి! నాకు గేటు నేర్పుతావా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. చేతిలో చాకు కూడా ఆగింది.

గ్లెనిస్ మెట్టు మీద కూర్చుండిపోయింది. కొండ ఆమె కళ్ళ ముందుకి వచ్చింది. కింద వాగు ఎండింది. ఆ వాలుకంతటికీ నీళ్ళున్నది ఒక్క సరస్సులో. ఆ గేటు ఎవరో మరిచిపోయి తీసింది కాదు, మంద నీళ్ళకి పోవాలని తామటి తీసి ఉంచింది. తాను వేసింది. మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కాక మంద దాహంతో గేటు దాకా వచ్చింది. గేటు మూసి ఉంది. కంచె పట్టుకుని నడిచింది, దారి దొరుకుతుందేమోనని. కంచె చివర రాతి అంచు ఉంది. తనకి బూటు జారిందే, ఆ పెంటికలు. గేటు మధ్యలో కూలబడి కదలని కుక్క. కంచె వైపు తిరిగి గొంతు చించుకున్న కుక్క. దాని మూతి తాను మూసింది.

"పొద్దున తీసి ఉంది, సాయంత్రం తీసి ఉంది," అంది ఆమె. "మధ్యలో వేసి ఉందని ఎవడికి తెలుస్తుంది? నాకు తప్ప."

కందిరీగ ఒకటి మాస్టారి చేతి మీద వాలింది. ఆయన తోలలేదు. "మనిద్దరం నియమం తప్పలేదు గ్లెనిస్," అన్నాడు. "ఎవరికి తెలిసినంతలో వాళ్ళం."

"అదే నా కడుపుమంట. ఎవడైనా వెధవ చేసిన పనైతే హాయిగా తిట్టుకుందును."

"ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఇది బయటపడితే దారి పోయినట్టే. నడిచేవాళ్ళ వల్ల ఏడు గొర్రెలు పోయాయంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు? కుక్క ముసలిది. ఎలాగూ ఇంకో ఏడాదో రెండేళ్ళో..."

గ్లెనిస్ లేచి నిలబడింది. తిట్టబోయి, ఆయన మొహం చూసి ఆగింది. ఆ మాట అన్నందుకు ఆయనే ముందు సిగ్గుపడి తల దించుకుని ఉన్నాడు.

"ముసలివాళ్ళని అలా లెక్కేస్తే, మన నడక బృందంలో ఎవరూ మిగలరు మాస్టారూ," అని వచ్చేసింది. దారిలో మాంసం కొట్టు దగ్గర కారు ఆపి, మూలుగ ఉన్న ఎముక కొంది. ఎందుకు కొంటోందో తనకే తెలీలేదు.

ఆదివారం తెల్లారగానే అన్న ఇంటికి పోయి గొలుసు విప్పింది. పడకగది కిటికీ తెరిచే ఉంది.

"కుక్కని కొండకి తీసుకుపోతున్నా," అంది బయటి నుంచే.

"మధ్యాహ్నానికి తీసుకురా," అన్నాడు లోపలి నుంచి మెర్విన్.

విషయం అప్పుడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ మెర్విన్ సంగతి ఆమెకి తెలుసు. కుక్కని కాపాడ్డానికి చెల్లెలు కథ అల్లిందంటాడు. తామటి నోటితో వింటే తప్ప నమ్మడు. తామటికి రాత్రే ఫోను చేసి పైగేటు దగ్గరికి రమ్మంది, ఎందుకో చెప్పకుండా.

కొండ మొదట్లో ఫెర్గస్ మాస్టారు నిలబడి ఉన్నాడు, రెండు చేతికర్రలతో. మెడలో ఈల లేదు.

"మీరెందుకొచ్చారు?"

"నువ్వు ఒక్కదానివే చెప్తే అరుస్తావు. అరిస్తే ఎవరూ నమ్మరు," అని విసుక్కున్నాడు ఆయన. "పద, ఎండెక్కుతోంది."

డ్రమ్‌కి మాత్రం పండగ. కారులో కక్కలేదు కూడా, ఎముక సంచీలో ఉన్నట్టు దానికి వాసన తెలిసిపోయింది. పైగేటు తీసి ఉంది. తామటి బైకు పక్కన ఆపి, కూర్చుని సిగరెట్టు చుట్టుకుంటున్నాడు.

గ్లెనిస్ అరవలేదు. "ఈ గేటు నువ్వే తీసి ఉంచావు కదూ, నీళ్ళ కోసం?" అని అడిగింది.

"అవును. శుక్రవారం వచ్చి చూసినా తీసే ఉంది."

"మధ్యలో నేను వేశాను బాబూ. ముందు వెళ్ళిన వాళ్ళు తీసి వదిలేశారనుకున్నా. వచ్చేటప్పుడు ఈయన తీసి ఉంచాడు. గొర్రెల్ని చంపింది కుక్క కాదు. నేను."

తామటి చుడుతున్న సిగరెట్టు చేతిలో అలాగే ఉండిపోయింది. అతను లేచి గేటు ముందు నేల చూశాడు. ఎండిపోయిన పెంటికలు, గిట్టలతో తొక్కి పిండి చేసిన మట్టి. తర్వాత కంచె పట్టుకుని నడిచాడు. వాళ్ళూ వెనకే నడిచారు. తీగ మీద ముళ్ళు ఉన్నచోటల్లా ఉన్ని పోగులు, ఒకే ఎత్తున, రాతి అంచు దాకా. గడ్డిలో కొత్తగా పడిన ఒకే ఒక్క సన్నటి బాట, వరసలో నడిచిన బాట. అంచు దగ్గర కొన్ని గిట్టల జాడలు రాళ్ళ మీదుగా చుట్టు తిరిగి సరస్సు వైపు దిగాయి. కొన్ని దిగలేదు.

"కుక్క తరిమితే చెల్లాచెదురు అవుతాయి," అన్నాడు తామటి తనలో తాను. "ఇవి నడిచి వచ్చాయి." ఆ తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, "నేను చావుల్నే చూశాను, కంచె చూడలేదు. ఆ గొంతు విన్నాను కదా అని తేల్చేసుకున్నాను. ఛ!" అన్నాడు.

కింద వాలు మీద మంద లేచింది. నీళ్ళ వేళ అయింది. ఒకదాని వెనక ఒకటి, తల వంచుకుని గేటు వైపు వస్తున్నాయి. గ్లెనిస్ చెయ్యి తాడు మీద బిగిసింది. డ్రమ్ చూసింది. మొరగలేదు. గేటు తీసి ఉందిగా. అది దారిలోంచి పక్కకి జరిగి, గడ్డిలో పొట్ట ఆనించి పడుకుంది. గొర్రెలు దాని ముక్కు ముందు నుంచే నీళ్ళకి పోయాయి.

గ్లెనిస్‌కి అక్కడే ఏడుపు వచ్చేసింది. మాస్టారు అటు తిరిగి కొండలు చూశాడు.

"దారి సంగతి నా చేతుల్లో లేదు," అన్నాడు తామటి చివరికి. "యజమానులకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ వేసవికి మాత్రం మూసేస్తారు. తర్వాత చూద్దాం." మాస్టారు తలాడించాడు. "ఇంకోటి ఆంటీ. మంగళవారం మందని కొండ మీంచి దించుతున్నాం. ఈ గేటు దగ్గర మనిషి కావాలి. పొద్దుటి నుంచీ ఎండలో నిలబడాలి. చెప్పినప్పుడు తీయాలి, చెప్పినప్పుడు వేయాలి. సొంత తెలివి వద్దు."

"వస్తాను," అంది గ్లెనిస్. ఆమె జన్మలో ఒక మాట పడి ఎదురు చెప్పకుండా ఊరుకున్నది అదే మొదటిసారేమో.

"అంకుల్‌కి నేను కూడా వచ్చి చెప్తాను. పదండి."

మెర్విన్ పెరట్లో లేడు, పెరటి అవతల విల్లో చెట్ల కింద ఉన్నాడు. గొయ్యి తవ్వేశాడు. నిలబడి తవ్వలేక, పెద్ద పాలడబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, పొడుగుకాడ పారతో కొంచెం కొంచెంగా తవ్వినట్టున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. తుపాకీ గుడ్డలో చుట్టి కంచెకి ఆనించి ఉంది. గ్లెనిస్ చేతిలో తాడు ఎప్పుడు జారిందో, డ్రమ్ ఆయన వైపు పరిగెత్తింది.

"తుంటి కీలు విరగ్గొట్టుకుంటావా ఏంటి!" గ్లెనిస్ అరుస్తూ వెళ్ళింది. "డాక్టరు ఏం చెప్పాడు? వంగొద్దన్నాడా లేదా? ఇక నీకూ తవ్వాలా గొయ్యి?" అని అరిచి, ఆ ఊపిరితోనే, "కుక్క కాదు అన్నయ్యా. గేటు నేనే వేశాను. నీళ్ళకి పోయే గేటు. నేనే," అంది.

మెర్విన్ ఆమెని చూశాడు. తామటి వైపు చూశాడు. తామటి టోపీ తీసి, "నిజమే అంకుల్. కంచె అంతా నడిచి చూశాను. తప్పు నాది కూడా," అన్నాడు.

మెర్విన్ మొహంలో ఏమీ కదల్లేదు. "నువ్వా," అన్నాడు చెల్లెలితో. "ఊళ్ళో పసిపిల్లల్ని కూడా గేటు గేటు అని కాల్చుకు తింటావే, నువ్వా!"

"నేనే."

ఆయన పార అందుకున్నాడు. పక్కన పోసిన మట్టిలోకి గుచ్చి, గొయ్యి పూడ్చబోయి ఆగిపోయాడు. కొండంతా తిరిగి వచ్చిన డ్రమ్‌కి ఒళ్ళు కాలిపోతోంది. ఎండాకాలంలో ఆ పెరడంతటిలో చల్లగా, తడిగా ఉన్నది ఆ ఒక్క చోటే. అది గొయ్యిలోకి దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్ళు చాపుకుని, చల్లటి మట్టికి గడ్డం ఆనించి పడుకుంది. సరిగ్గా దానికి సరిపోయింది.

"లే," అన్నాడు మెర్విన్. "లేవరా. బయటికి రా."

డ్రమ్ తోక మట్టి మీద టపటపా కొట్టింది. లేవలేదు.

"చెప్తే వినబడదూ? నీ మొహం మండా, రమ్మంటుంటే! అందులో పడుకోకురా... అందులో కాదురా..."

ఆయన పార వదిలేసి, డాక్టరు వద్దన్నా వినకుండా, గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూలబడి కుక్క మెడ రెండు చేతులా పట్టుకున్నాడు. గ్లెనిస్ తిట్టలేదు. సంచీలోంచి ఎముక తీసి గొయ్యికి కాస్త దూరంగా, గడ్డి మీద పెట్టి, "రారా," అని పిలిచింది.